తల్లీబిడ్డల వైద్యురాలు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ

(ప్రత్యేక వ్యాసం)

కేతేపల్లి (నల్గొండ జిల్లా): తెలుగునాట స్త్రీల, శిశువుల వైద్యానికి తన జీవితాన్ని అంకితం చేసిన తొలితరం మహిళా వైద్యులలో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ఒకరు. ప్రసూతి గదిలో మంత్రసాని తప్ప మరో దిక్కులేని కాలంలో ఆమె వైద్యవిద్య అభ్యసించారు. బెజవాడ పట్టణాన్ని కార్యక్షేత్రంగా చేసుకొని వేలాది కుటుంబాలకు ఆప్తురాలయ్యారు. తాను నేర్చిన శాస్త్రాన్ని ఆసుపత్రి నాలుగు గోడలకు పరిమితం చేయక, సామాన్య గృహిణికి సైతం అర్థమయ్యే తెలుగులో గ్రంథస్థం చేశారు. స్వాతంత్ర్యోద్యమంలోనూ, మహిళా ఉద్యమంలోనూ పాలుపంచుకొని, చివరకు దేశ అత్యున్నత చట్టసభలో విజయవాడ ప్రజలకు ప్రాతినిధ్యం వహించారు.

ఆమె పుట్టింది గుంటూరులో, పేరు గడించింది విజయవాడలో అయినప్పటికీ, ఆ కుటుంబ చరిత్రలో ఉమ్మడి నల్గొండ జిల్లాకు ప్రత్యేక స్థానం ఉంది. హైదరాబాద్ నుండి కేతేపల్లి మీదుగా విజయవాడ వెళ్ళే జాతీయ రహదారిపై సూర్యాపేట దాటిన పిమ్మట మునగాల వస్తుంది. ఆ మునగాల సంస్థానానికి దివానుగా పనిచేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులు అచ్చమాంబకు తండ్రి. ఆయన బాల్యంలో కొంతకాలం భువనగిరిలోని సవతి అన్న శంకరరావు ఇంట పెరిగారు. నాడు కృష్ణా జిల్లాలో భాగమై, చుట్టూ నిజాం రాజ్యం ఆవరించి ఉన్న మునగాల పరగణా 1959లో నల్గొండ జిల్లాలో కలిసింది. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణతో సూర్యాపేట జిల్లా పరిధిలోకి వచ్చింది.

ఇద్దరు అచ్చమాంబలు

ఈ కుటుంబంలో ఇద్దరు అచ్చమాంబలు ఉన్నారు. పేర్లు ఒకటే కావడంతో వీరి వివరాలు వ్యాసాలలోనూ, ప్రసంగాలలోనూ తరచుగా తారుమారవుతుంటాయి. మొదటివారు భండారు అచ్చమాంబ (1874-1905). ఈమె లక్ష్మణరావు పంతులుకు అక్క. తొలి తెలుగు కథారచయిత్రిగా పరిశోధకులు గుర్తించిన విదుషీమణి. రెండవవారు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ (1906-1964). ఈమె లక్ష్మణరావు పంతులు కుమార్తె. అంటే వీరిద్దరూ మేనత్త, మేనకోడలు. మేనత్త కన్నుమూసిన మరుసటి ఏడాది జన్మించిన బిడ్డ ఆమె పేరునే ధరించింది.

ఈ నామసామ్యం వెనుక ఒక విషాదం ఉంది. భండారు అచ్చమాంబకు బడి చదువు లేదు. ఇంట తమ్ముడు చదువుకుంటుండగా పక్కన కూర్చొని అక్షరాలు నేర్చుకున్నారు. క్రమంగా పలు భాషలలో ప్రవేశం సంపాదించారు. ప్రసిద్ధ స్త్రీల జీవిత చరిత్రలను సమకూర్చి అబలా సచ్చరిత్ర రత్నమాలను వెలువరించారు. అయితే ఆ విద్యావతికి మాతృత్వ సుఖం దక్కలేదు. కన్న కొడుకు, కుమార్తె ఇద్దరూ పసితనంలోనే గతించారు. ఆ దుఃఖాన్ని దిగమింగి ఆమె అనాథ బాలలను చేరదీసి చదువు చెప్పించారు. ముప్పయ్యవ పడి దాటీ దాటకముందే 1905 జనవరిలో పరమపదించారు.

బిడ్డలను పోగొట్టుకున్న మేనత్త పేరు పెట్టుకున్న బాలిక పెరిగి పెద్దదై, పసిబిడ్డల ప్రాణాలు నిలిపే వైద్యురాలు కావడం ఆ కుటుంబ చరిత్రలో మరపురాని ఘట్టం.

విజ్ఞాన వాతావరణంలో బాల్యం

అచ్చమాంబ 1906 అక్టోబరు 6వ తేదీన గుంటూరులో జన్మించారు. అదే సంవత్సరం ఆమె తండ్రి లక్ష్మణరావు పంతులు, మిత్రుల సహకారంతో విజ్ఞాన చంద్రికా మండలిని హైదరాబాద్‌లో స్థాపించారు. అంతకు ఐదేళ్ళ ముందు 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నెలకొనడంలో ఆయనదీ, మునగాల రాజా నాయని వెంకటరంగారావుదీ, రావిచెట్టు రంగారావుదీ ముఖ్యపాత్ర. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు, తెలుగు పుస్తకానికి ఆ గ్రంథాలయం తొలి నీడనిచ్చింది.

విజ్ఞాన చంద్రికా మండలి ఆశయం స్పష్టమైనది. చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, ఆరోగ్యం వంటి విషయాలను ఇంగ్లీషు తెలియని తెలుగువారికి వారి భాషలోనే అందించాలన్నది ఆ సంస్థ సంకల్పం. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి వంటి వైద్యులు సైతం ఈ మండలి కోసం కలం పట్టారు. ఆ తరువాత లక్ష్మణరావు పంతులు మద్రాసులో నివాసముండి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ నిర్మాణమనే బృహత్ కార్యానికి పూనుకున్నారు. ఈ విధంగా అచ్చమాంబ బాల్యమంతా గ్రంథాల మధ్య, పండితుల రాకపోకల మధ్య గడిచింది. శాస్త్రం ఎవరి సొత్తూ కాదని, అది ప్రజల భాషలో ప్రజలకు చేరినప్పుడే సార్థకమవుతుందని ఆ ఇంటి వాతావరణం ఆమెకు నేర్పింది.

1923 జూలైలో లక్ష్మణరావు పంతులు 46 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. చిరకాలంగా ఉబ్బసంతో బాధపడుతూనే ఆయన విజ్ఞాన సర్వస్వం పని సాగించారు. అది అసంపూర్ణంగా మిగిలింది. తండ్రి మరణించేనాటికి అచ్చమాంబ వయస్సు పదహారు సంవత్సరాలు. ఆ ఈడు ఆడపిల్లలకు వివాహమే గతి అని భావించే రోజులవి. ఆమె మాత్రం చదువు మానలేదు.

మద్రాసు వైద్య కళాశాలలో

1835లో పుట్టిన మద్రాసు వైద్య కళాశాల 1875లోనే మహిళలకు ద్వారాలు తెరిచింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1912లో అక్కడి నుండే పట్టభద్రురాలయ్యారు. ఆంధ్ర ప్రాంతం విషయానికి వస్తే, 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ మిషనరీ వైద్యురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్ తొలుత ఇళ్ళకు వెళ్ళి స్త్రీలకు, పిల్లలకు చికిత్స చేశారు. 1897లో ఆమె కృషితో ఒక ఆసుపత్రి వెలిసింది. అచ్చమాంబ పుట్టిన ఊరిలో, ఆమె పుట్టడానికి తొమ్మిదేళ్ళ ముందే మహిళా వైద్యురాలు నడిపే ఆసుపత్రి ఉన్నదన్నమాట. అయినా తెలుగు కుటుంబాల నుండి వైద్యవిద్యకు వెళ్ళే యువతులు 1920లలో సైతం వేళ్ళమీద లెక్కించదగినంత మందే.

అచ్చమాంబ మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువుతోపాటు దేశ పరిస్థితులూ ఆమెను ఆకర్షించాయి. 1928లో సైమన్ కమిషన్ రాకను నిరసిస్తూ మద్రాసు నగరం అట్టుడికింది. టంగుటూరి ప్రకాశం పంతులు తుపాకులకు ఎదురు నిలిచి ఆంధ్రకేసరిగా కీర్తి పొందినది ఆ సందర్భంలోనే. నాటి విద్యార్థి నిరసనలలో అచ్చమాంబ ముందు నిలిచి నాయకత్వం వహించారు. వైద్య విద్యార్థిని వీధిలోకి వచ్చి నినదించడం ఆ రోజులలో సాహసోపేతమైన చర్య.

బెజవాడలో వైద్యసేవ

విద్యాభ్యాసం పూర్తయిన పిమ్మట ఆమె బెజవాడలో స్థిరపడి వైద్యశాల నిర్వహించారు. పురుష వైద్యునికి నాడి చూపించడానికైనా సంకోచించే స్త్రీలు ఆమె వద్దకు నిస్సంకోచంగా వచ్చేవారు.

ఆమె ఎదుర్కొన్న సమస్య తీవ్రతను గ్రహించడానికి కొన్ని లెక్కలు చాలు. 1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ, బ్రిటిష్ ఇండియాలో 1937లో సజీవంగా పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 162 మంది ఏడాది నిండకుండానే మరణించినట్లు తెలిపింది. దేశంలో సంభవించే మొత్తం మరణాలలో దాదాపు సగం పదేళ్ళలోపు పిల్లలవే. ప్రసూతి కారణాలతో ఏటా రెండు లక్షల మంది తల్లులు చనిపోతున్నట్లు ఆ కమిటీ అంచనా వేసింది.

వీటిలో పెక్కు మరణాలు నివారించదగినవే. నాటి పల్లెలలో పురుడు చీకటి గదిలో జరిగేది. బొడ్డుతాడును కొడవలితోనో, చేతికందిన కత్తితోనో కోసేవారు. కోసిన చోట బూడిద లేదా పేడ అద్దే అలవాటు అనేక ప్రాంతాలలో ఉండేది. ఆ గాయం ద్వారా ధనుర్వాత క్రిమి శిశువు శరీరంలో ప్రవేశించేది. పుట్టినప్పుడు చక్కగా పాలు తాగిన బిడ్డ, మూడు నాలుగు రోజులు గడిచేసరికి దవడలు బిగుసుకొని చనుబాలు పట్టలేకపోయేది. ఒళ్ళు విల్లులా వంగి ప్రాణం విడిచేది. దానిని గాలి సోకడంగానో, దిష్టిగానో భావించి మంత్రాలు వేయించేవారు, వాతలు పెట్టించేవారు.

పోషణ విషయంలోనూ ఇదే పరిస్థితి. కాన్పు అయిన వెంటనే వచ్చే ముర్రుపాలను చెడ్డపాలని పిండి పారబోసేవారు. రోగనిరోధక శక్తినిచ్చే ఆ తొలి పాలకు బదులు ఆముదం, పంచదార నీళ్ళు వంటివి పోసేవారు. బాలింతకు పథ్యం పేరిట రోజుల తరబడి కడుపునిండా అన్నం పెట్టేవారు కాదు. శుభ్రపరచని ఉగ్గుగిన్నె, పాలసీసా అతిసారానికి కారణమయ్యేవి.

వైద్యుల చేతిలో ఆయుధాలూ తక్కువే. సల్ఫా మందులు 1930ల చివరలో గాని రాలేదు. పెన్సిలిన్ రెండవ ప్రపంచ యుద్ధానంతరం గాని సామాన్యులకు అందలేదు. దేశంలో క్షయ నివారణకు బీసీజీ టీకా 1948లో మదనపల్లెలో తొలిసారి ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. అతిసారంలో ప్రాణరక్షకమైన ఓఆర్ఎస్ ద్రావణం అచ్చమాంబ జీవితకాలంలో వాడుకలోకి రానేలేదు. అందువలన ఆనాటి పిల్లల వైద్యానికి మందుకన్నా ముందు జాగ్రత్తే ప్రధానమైంది. వేడినీళ్ళలో మరగబెట్టిన కత్తెర, సబ్బుతో కడిగిన చేతులు, తల్లిపాలు, గాలీ వెలుతురూ వచ్చే గది - వీటి విలువ తల్లికి తెలిసిననాడే బిడ్డ బతుకుతుంది. బిడ్డ ఆసుపత్రికి చేరేసరికి ఎంతటి వైద్యురాలికైనా చేయగలిగింది స్వల్పం.

ప్రసూతి - శిశుపోషణ

ఈ అవగాహన నుండే డాక్టర్ అచ్చమాంబ రచన ప్రసూతి-శిశుపోషణ వెలువడింది. పేరులో సూచించినట్లే, తల్లి ఆరోగ్యాన్నీ బిడ్డ ఆరోగ్యాన్నీ విడదీయరాని ఒకే విషయంగా పరిగణించిన గ్రంథమిది. శిశు సంరక్షణ బిడ్డ పుట్టిన తరువాత కాక, తల్లి గర్భవతి అయిన నాటి నుండే ఆరంభం కావాలని నేడు ఆరోగ్య శాఖలు విస్తృతంగా ప్రచారం చేస్తున్నాయి. ఆ రెంటినీ ఒకే పుస్తకంలో తెలుగు గృహిణి చేతికి అందించిన ఘనత ఆమెది.

ఇంగ్లీషులో వైద్యం చదివిన వారికి తెలుగులో శాస్త్రగ్రంథం రాయడం తేలికైన పని కాదు. పారిభాషిక పదాలు కావాలి. శరీర ధర్మాలను సంకోచం లేకుండా, మర్యాద తప్పకుండా వివరించగల భాష కావాలి. స్త్రీల శరీరం గురించి బహిరంగంగా మాట్లాడడమే తప్పుగా భావించే సమాజంలో ఒక మహిళ అటువంటి గ్రంథం రాయడానికి పాండిత్యంతోపాటు ధైర్యమూ అవసరం. విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా తండ్రి ఆరంభించిన కృషికి ఈ గ్రంథం సహజమైన కొనసాగింపు. తండ్రి లోకజ్ఞానాన్ని తెలుగులోకి తెచ్చారు, కుమార్తె దానిని పురిటి గది వరకు తీసుకువెళ్ళారు.

మహిళా ఉద్యమంలో

1940లలో బెజవాడ రాజకీయ చైతన్యానికి కేంద్రం. డాక్టర్ అచ్చమాంబ ఆ దశకంలో కమ్యూనిస్టు ఉద్యమానికి సన్నిహితంగా మెలిగారు. మహిళా సంఘం కార్యక్రమాలలో పాల్గొన్నారు. స్త్రీల హక్కుల గురించి మాట్లాడే వేదికపై వైద్యురాలు ఉండడం వలన బాల్యవివాహం, వెంటవెంటనే కాన్పులు, పౌష్టికాహార లోపం వంటివి కేవలం సాంఘిక దురాచారాలుగా కాక ప్రాణాలు తీసే ఆరోగ్య సమస్యలుగా ప్రజల దృష్టికి వచ్చాయి. 1948లో ఆమె కమ్యూనిస్టు పార్టీకి దూరమయ్యారు. అనంతర కాలంలో కాంగ్రెస్ పార్టీలో కొనసాగారు. పార్టీ మారినా వైద్యవృత్తినీ, స్త్రీ శిశు సంక్షేమ దృష్టినీ ఆమె విడిచిపెట్టలేదు.

లోక్‌సభ సభ్యురాలిగా

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 1956 నవంబరు 1వ తేదీన అవతరించింది. మరుసటి సంవత్సరం జరిగిన రెండవ సార్వత్రిక ఎన్నికలలో విజయవాడ నియోజకవర్గం నుండి కాంగ్రెస్ అభ్యర్థినిగా డాక్టర్ అచ్చమాంబ లోక్‌సభకు ఎన్నికయ్యారు. విజయవాడ ఓటర్లు 1952లో కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయను, 1957లో వైద్యురాలు అచ్చమాంబను, 1962లో ఇంజినీరు డాక్టర్ కె.ఎల్. రావును ఎన్నుకోవడం విశేషం. రెండవ లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ నుండి ఆమెతోపాటు వికారాబాద్ నుండి సంగం లక్ష్మీబాయి, ఏలూరు నుండి మోతే వేదకుమారి కూడా ఉన్నారు.

ఆమె సభ్యురాలిగా ఉన్న 1957-62 మధ్యకాలంలో పార్లమెంటు స్త్రీలకు, శిశువులకు సంబంధించి కొన్ని ముఖ్య శాసనాలను ఆమోదించింది. కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించే బాలల చట్టం 1960లో, వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చాయి. 1961 నాటి ప్రసూతి సౌకర్యాల చట్టం పనిచేసే మహిళలకు 12 వారాల వేతన సహిత సెలవును కల్పించింది. బిడ్డకు 15 నెలలు నిండే వరకు పాలివ్వడానికి పనివేళల్లో రెండు విరామాలు ఇవ్వాలని నిర్దేశించింది. తల్లిపాలు బిడ్డ హక్కు అన్న వైద్య సూత్రం ఈ విధంగా దేశ శాసనంలో స్థానం పొందింది.

పార్లమెంటు సభ్యత్వం ముగిసిన కొద్దికాలానికే, 1964లో డాక్టర్ అచ్చమాంబ కన్నుమూశారు.

ఆమె తరువాత

అచ్చమాంబ తరం ఆరంభించిన కృషి ఫలించడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. గర్భిణులకు ధనుర్వాత టీకాలు, శుభ్రమైన ప్రసవ విధానాలు, ఆసుపత్రి కాన్పుల ప్రోత్సాహం దశలవారీగా అమలయ్యాయి. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన తొలి రాష్ట్రంగా 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గుర్తింపు పొందింది. 2015లో దేశమంతటా ఆ లక్ష్యం నెరవేరింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రులలో జరిగాయి. 2020 నమూనా నమోదు సర్వేలో శిశు మరణాల రేటు వేయికి 21గా నమోదైంది. 162 నుండి 21కి చేరిన ఈ ప్రయాణంలో పేరు తెలియని మంత్రసానులు, నర్సులు, ఆరోగ్య కార్యకర్తల శ్రమ ఉన్నది. వారికి ముందు నడిచిన అచ్చమాంబ వంటి వైద్యుల దీక్ష ఉన్నది.

అయినా ఆ 21 మంది కూడా బిడ్డలే. తక్కువ బరువుతో పుట్టడం, నెలలు నిండకుండా పుట్టడం, తల్లిలో రక్తహీనత, పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టించకపోవడం వంటి కారణాలు నేటికీ మిగిలి ఉన్నాయి. గ్రామాలలో తల్లులకు ఆరోగ్య విషయాలు చెప్పే సిబ్బందికీ, కరపత్రాలు రూపొందించే అధికారులకూ, వార్తలు రాసే పాత్రికేయులకూ డాక్టర్ అచ్చమాంబ జీవితం ఒక పాఠం చెబుతున్నది. మందు ఎంత మంచిదైనా దాని సంగతి తల్లికి ఆమె భాషలో తెలియాలి. శ్రద్ధగా, సులభంగా, గౌరవంగా చెప్పిన మాట కూడా ఒక చికిత్సే.

మునగాల మార్గంలో ప్రయాణించే వారిలో ఆ దివాను గారి కుమార్తె గురించి తెలిసినవారు నేడు తక్కువే. బిడ్డలను కోల్పోయిన మేనత్త పేరును నిలిపి, ఎందరో తల్లుల కడుపుకోత తప్పించడానికి పాటుపడిన ఆ వైద్యురాలు తెలుగుజాతికి చిరస్మరణీయురాలు.